మురోయి మాట

మూడో మెకానిక్ కూడా కారులో ఏ లోపమూ లేదనేసరికి తోకుజికి ఒళ్లు మండిపోయింది.

“ఎడం చక్రం దగ్గర కర్‌కర్‌మంటోంది. నీకు చెవులు లేవా?” అని గదమాయించి, కారు వెనక్కి తీసి, గేటును రాసుకుంటూ మరీ బయటపడ్డాడు.

పక్క సీట్లో కూతురు యుకారి కళ్లు గట్టిగా మూసుకుంది. కారు బాగానే ఉందని ఆమెకు తెలుసు. లోపమంతా నడిపే మనిషిలోనే ఉంది. నాన్నకు ఎనభై నాలుగేళ్లు. మొన్న మంగళవారం బడిపిల్లలు వరసగా రోడ్డు దాటుతుంటే, చివరి పిల్ల పసుపుపచ్చ టోపీకి జానెడు దూరంలో ఆగిందీ కారు. ఆ టోపీ గుర్తొస్తే యుకారికి అన్నం దిగడం లేదు.

“నాన్నా, ఇక లైసెన్సు తిరిగిచ్చేద్దాం. బస్సుంది కదా.”

“పోయినేడే పరీక్ష పాసయ్యాను. పరీక్ష పెట్టినాయనే శభాష్ అన్నాడు. మధ్యన నీకేం?”

“ఆయన రోజూ నీ పక్కన కూర్చోడుగా!”

“ఈ షిమానే కొండల్లో నమ్మదగ్గ మెకానిక్ ఒక్కడు లేడు” అని ఆయన మాట మార్చేశాడు. “ఇక మురోయి దగ్గరికే పోవాలి. అతనేం చెబితే అది వింటాను.”

ఆ మాటను యుకారి గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం ఆయన కాస్త గాలి పీల్చుకొస్తానని బయల్దేరి, గంటన్నరకు గాని రాలేదు. నడిచే వెళ్లాడు. కారు తీయనందుకే ఆమె సంతోషించింది.

మురోయి వంతెన అవతల నలభై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాడు. బాగున్న సామాను పాడైందని ఒక్కనాడూ అనలేదు. పెళ్లిచూపుల్లో పిల్ల తల్లి ఏమైనా చెడ్డ అలవాట్లున్నాయా అని అడిగితే, గురక పెడతానని చెప్పాడట.

మర్నాడు పొద్దున్నే యుకారి యోకాన్ మిఠాయి పెట్టె పట్టుకుని ఆ షెడ్డుకు వెళ్లింది. పెట్టెను రెండు చేతులా అందించి తల వంచింది.

“కారు ఇక బాగుపడదని మా నాన్నతో చెప్పండి మురోయి గారూ. మీరు చెబితేనే వింటారు.”

మురోయి పెట్టె వంక చూశాడు. ఆమె వంక చూశాడు. చేతులకు నూనె లేకపోయినా గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

“కారు బాగానే ఉందా అమ్మా?”

“నిక్షేపంలా ఉందండీ.”

“మీరొచ్చినట్టు నాన్నగారికి తెలుసా?”

“అమ్మో! తెలిస్తే నన్ను ఇంట్లోంచి గెంటేస్తారు.”

ఆయన ఇంకేదో అనబోయి మింగేశాడు. “సరే, ఆదివారం తీసుకురండి.”

ఆదివారం మురోయి కారు కింద దూరి చాలాసేపు ఉండిపోయాడు. చివరికి బయటికొచ్చి, నేలచూపులు చూస్తూ, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

“ఇది ఇక బాగుపడదు. నడపకూడదు.”

ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. యుకారి నాన్న మొహం వంక చూసింది. ఇంత చేతకాని అబద్ధాన్ని నాన్న పసిగట్టకుండా ఉంటాడా?

తోకుజి వాదించలేదు. ఏం పాడైందని కూడా అడగలేదు. “మెకానిక్ అంటే ఇతనూ!” అని, తాళంచెవి బల్లమీద పెట్టి, జేబులోంచి బస్సు వేళల కాగితం తీశాడు.

“పద. పదకొండూ పదికి ఉంది.”

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

“నీ మాట విని మానేశానని ఊరంతా చెప్పుకునేవు. కారు పోయింది, మానేశాను. అంతే.”

“అంతే నాన్నా, అంతే” అంది యుకారి. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

వారం తిరగ్గానే ఇంకో యోకాన్ పెట్టె తీసుకుని, కృతజ్ఞతలు చెప్పుకోవడానికి మురోయి దగ్గరికి వెళ్లింది.

“వద్దమ్మా, వద్దు!” ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. “మా ఇంట్లో తీపి తినేది నేనొక్కణ్ణే. మీ ఇంటినుంచి ఇది మూడోది.”

“మూడోదేమిటండీ? నేనిచ్చింది ఒక్కటేగా?”

మురోయి చెవులు మళ్లీ కందిపోయాయి. జన్మకు సరిపడా అబద్ధం ఆ ఆదివారమే ఆడేశాడు. ఇంకొకటి ఆయనవల్ల కాలేదు.

“మీరు రావడానికి ముందురోజు సాయంత్రం మీ నాన్నగారు ఒకటి తెచ్చిచ్చారమ్మా, కారు ఇక బాగుపడదని మీ ఎదుట చెప్పమని.”