ఆఫీసరుకి నచ్చని సూర్యుడు

"సూర్యుడు నవ్వుతున్నట్టు లేదయ్యా. పన్ను పీకించుకుని వచ్చినట్టున్నాడు."

ఫోన్‌లో ఆఫీసరు గొంతు గరగరలాడింది. అవతల పెయింటరు వరసగా మూడుసార్లు "సార్" అన్నాడు.

"రోగం భయంతో ఊరు ఊరంతా తలుపులేసుకుని ఏడుస్తోంది. మీ పోస్టర్ చూస్తే కరెంటు స్తంభం కూడా పకపకా నవ్వాలి."

"స్తంభమా సార్?"

"స్తంభమే. రేపటికి మళ్ళీ వెయ్యండి."

ఆఫీసరు ఫోన్ పెట్టేసి, మూతికి బిగించిన రెండు మాస్కులూ విప్పింది. విప్పితే పెయింటరుగారి అమ్మాయి. ఫోన్ వెళ్ళింది పక్కగదికే. రెండు మాస్కులు కడితే ఎవరి గొంతైనా గవర్నమెంటు గొంతైపోతుందని కనిపెట్టిన మహా శాస్త్రవేత్త.

కనిపెట్టక ఏం చేస్తుంది? నెల కిందట అంబులెన్సు అమ్మని తీసుకెళ్ళింది. తిరిగి ఒక ఫోన్ వచ్చింది, అంతే. ఆ రోజు నుంచి నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోడకే సిగ్గేసేంతలా దాన్నే చూశాడు. తిండి లేదు, స్నానం లేదు. ఇలాగే వదిలేస్తే ఈయన కూడా అమ్మ వెనకే పోతాడనిపించి, ఆమె కొత్త సిమ్ముతో ఒక ఆఫీసుని పుట్టించింది. జనానికి ధైర్యం చెప్పే పోస్టర్లు కావాలట. మహా అర్జెంటట.

నాన్న లేచాడు. బిగుసుకుపోయిన బ్రష్షులు నానేశాడు. వేసినవి ఫోటో తీసి పంపడం అమ్మాయి డ్యూటీ. ఒక సూర్యుడు మరీ పసుపుగా ఉన్నాడు, కామెర్లేమో అంది ఆఫీసు. ఇంకొకడు అప్పులవాడిలా తొంగిచూస్తున్నాడంది. పొద్దస్తమానం రేపటి వంకలు వెతుక్కోవడమే ఆమెకి పని.

అన్నం పళ్ళెం పట్టుకుని నాన్న గదిలోకి వెళ్ళింది.

"చూశావా తల్లీ! ఆ ఆఫీసరు వెధవ మళ్ళీ తిప్పికొట్టాడు. స్తంభం నవ్వాలట! ముందు వాణ్ణి నవ్వమను."

ఆమె పెదవి కొరుక్కుని, పళ్ళెం పెట్టేసి బయటపడింది. గుమ్మం దాటిందో లేదో నాన్న ఫోన్ మోగింది. చేతులనిండా రంగు, అందుకని స్పీకరు పెట్టాడు. అత్తయ్య.

"ఏరా, ఇంకా ఆ పోస్టర్లేనా? నీ గొంతులో ప్రాణమే లేదు."

"ఒంట్లో ఓపిక లేదక్కా. గీత నిలవట్లేదు. కళ్ళు మూసుకుని పడుకుంటే చాలనుంది."

"మరి మానెయ్! ఆ ఆఫీసరేమన్నా ఉరి తీస్తాడా?"

ఆమె బయట గోడకి ఆనుకుని నిలబడిపోయింది. లోపల బ్రష్షు నీళ్ళలో ఆడించిన చప్పుడు.

"మానలేనక్కా," అన్నాడు చివరికి.

"ఏం?"

"వాళ్ళమ్మ పోయాక పిల్ల మాట్లాడేది ఆ ఆఫీసరు గొంతుతోనే."