సబ్బు కార్ఖానా మలుపు

“ఈ ఫొటో చూసి నిజమనుకుని ఎవరైనా నిన్ను పట్టుకుపోతే నేను మళ్ళీ ఎవరి గడప తొక్కాలిరా? ఒకడి కోసం తిరిగే నా అరికాళ్ళు అరిగిపోయాయి!”

నుహాద్ వంటింట్లోంచే అరిచింది. కొడుకు బాల్కనీలో నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు. రమ్జీకి ముప్ఫై తొమ్మిదేళ్ళు. బడిలో లెక్కలు చెబుతాడు. ఇంటికొచ్చాడంటే బొటనవేలంత సైనికులకు రంగులేస్తూ కూర్చుంటాడు. ఇప్పుడు ఫోనును ఆ బొమ్మల పాదాలకు సమంగా ఆనించి, వెనకాల బీరూట్ కొండ నిజంగా కనబడేలా ఫొటోలు తీస్తున్నాడు. అలా తీస్తే బొమ్మ బొమ్మలా ఉండదు, మనిషైపోతుంది.

వాడు రంగులేసే బల్ల దగ్గరికి వెళ్ళాలంటేనే ఆమెకు అసహ్యం. వాడు బురద కోసం ఆమె కాఫీ పిప్పి ఎండబెట్టాడు. పొదల కోసం వంటలో వాసనకు దాచుకున్న జాతర్ ఆకు కొమ్మలు విరిచాడు. ఇటుకల పొడి పిండి జల్లెడలో పట్టాడు. ఆ జల్లెడను ఆమె మూడుసార్లు తోమింది. అయినా దాంట్లో పిండి వెయ్యబుద్ధి కాక చెత్తలో పడేసింది.

తలుపు తోసుకుని తమ్ముడు మునీర్ వచ్చాడు. చంకలో వేడి రొట్టెలు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఏ ఆదివారమూ తప్పలేదు. పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇంటికి మగదిక్కు తనే అయ్యాడు.

నుహాద్ కాఫీ ఇచ్చింది. అతను ఎడమచేత్తో అందుకున్నాడు.

“ఎన్నేళ్ళొచ్చినా ఆ చెయ్యి మానవు కదరా!”

“అమ్మ గరిటె కాల్చి పెట్టినా మానలేదు, నువ్వు మాన్పిస్తావా అక్కా?” నవ్వి బాల్కనీ వైపు చూశాడు. “ఏం చేస్తున్నాడక్కడ?”

“బొమ్మలతో సబ్బు కార్ఖానా మలుపు కట్టాడు. మీ బావని ఆపిన చోటు.”

మునీర్ నవ్వు ఆగిపోయింది.

యుద్ధం రోజుల్లో, ఏడాది పిల్లాడికి పాలడబ్బా తెస్తానని నుహాద్ మొగుడు అదీబ్ కారులో వెళ్ళాడు. ఆ మలుపులో సాయుధులు కారు ఆపారు. ఇసుక బస్తాలు, ముసుగేసుకున్నవాడొకడు, బూడిదరంగు కారు. ఒక రొట్టెలవాడు దూరం నుంచి చూసింది ఇంతే. ఆ తర్వాత కబురు లేదు, సమాధీ లేదు.

“ఛీ! తీసి పారెయ్యమను. చూస్తే వాంతికొచ్చేలా ఉంది,” అన్నాడు మునీర్, ఇంకా చూడకుండానే.

“నేనూ అదే మొత్తుకుంటున్నా. వింటేనా?”

రమ్జీ మోకాళ్ళు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. “మామయ్యా, బొమ్మలు చేసేవాళ్ళకి ఒక జబ్బుంది. తప్పు కనబడితే నోరు మూసుకోలేరు. నెట్‌లో ఫొటో పెట్టి ‘తప్పులుంటే చెప్పండి’ అంటే చాలు, ప్రపంచమంతా మీద పడుతుంది. బస్తాలు అలా పేర్చరంటారు, బూటు రంగు అది కాదంటారు. ఆ రోజు అక్కడున్నవాడెవడైనా చూస్తే వాడూ ఊరుకోలేడు.”

“ఎవడైనా చెప్పాడా?”

“నూట నలభై మంది. అంతా టైర్ల గోలే.”

“ఒకడేమో తుప్పు అద్భుతం అని రాశాడురా!” నుహాద్ ముక్కు చీదింది. “నా మొగుడి ఆఖరి ఘడియ ఇది. దానికి తుప్పు బాగా కుదిరిందట. థూ! మార్కులు కూడా వేస్తున్నారు.”

“ఆ రంగుల కంపుకి ఊపిరాడట్లేదక్కా. కిటికీ తెరువు.”

“తెరిచే ఉందిరా.”

ఆమె కంటికి ఆ బొమ్మలన్నిట్లో ముసుగువాడే మరీ రోత. రమ్జీకి వాడి మొహం తెలీదు కాబట్టి ముసుగుతోనే వదిలేశాడు. రాత్రి దాన్ని తీసి పొయ్యిలో పడేద్దామనుకుంది. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

“వాడు దాహమంటూ నా గడపలోకొచ్చినా ముంత బోర్లిస్తాగానీ చుక్క పొయ్యను,” అంటూ తమ్ముడి కప్పులో మళ్ళీ కాఫీ నింపింది.

రమ్జీ ఫోను ముందుకు చాపాడు. “ఇదిగో, ఇప్పుడే తీశా. నువ్వూ ఓసారి చూడు మామయ్యా.”

“వాణ్ణెందుకురా అడుగుతావు? అప్పుడు వాడీ దేశంలోనే లేడు. సైప్రస్‌లో హోటల్లో అంట్లు తోముతున్నాడు. రెండు నెలలకొచ్చి, పాపం, మీ నాన్న ఫొటో పట్టుకుని నాతో ప్రతి ఆఫీసూ తిరిగాడు.”

మునీర్ ఫోను తీసుకున్నాడు. ఎండ పక్కనుంచి పడుతోంది. కారు తలుపు సగం తెరిచి ఉంది. ముసుగువాడు ఎడమచెయ్యెత్తి కారు ఆపుతున్నాడు, కుడిచేతిలో తుపాకి. కారులో వెనక సీటు మీద గోరంత పాలడబ్బా.

“ఇదెందుకు పెట్టావు?” అన్నాడు, డబ్బా చూపించి.

“అమ్మ చెప్పింది గదా, పాలకని వెళ్ళాడని. తప్పేమైనా ఉందా?”

కింద వీధిలో గ్యాసు బండివాడు సిలిండరు మీద కొట్టుకుంటూ పోయాడు. ఆ చప్పుడు మలుపు తిరిగి అణిగిపోయింది. కాఫీ మీద పొర కట్టింది. ఫోను తెర ఆరిపోయింది. మునీర్ వేలితో తట్టి వెలిగించాడు. మళ్ళీ ఆరింది. మళ్ళీ వెలిగించాడు.

“ఏంట్రా, అలా చెమటలు పడుతున్నాయి? ఒంట్లో బాలేదా?” నుహాద్ చేతిలోని వంటగుడ్డతో అతని నుదురు తుడిచింది. “చెప్పానా, ఇలాంటివి చూపించొద్దని! లాక్కో రమ్జీ ఆ ఫోను.”

మునీర్ ఇవ్వలేదు. అక్క మొహంలోకి చూడకుండా, ముసుగువాడి మీద వేలు పెట్టాడు.

“తుపాకి ఉన్నది ఎడమచేతిలో.”