తోడు బతుకమ్మ

మా బిడ్డ సృజనను వాగు తీసుకుపోయింది సద్దుల బతుకమ్మ నాడు. మరుసటేడు మా ఇంట్లో పండుగ లేదు. ఈ ఏడు నా భార్య సుగుణ మళ్లీ పెద్ద బతుకమ్మను పేర్చింది. దాని పక్కన తోడుగా పెట్టే చిన్నదాన్ని ఎప్పుడూ సృజనే పేర్చేది. ఈసారి తోడు బతుకమ్మ లేదు.

పొద్దుగూకిన తర్వాత పెద్దదాన్ని వాగులో వదిలి వచ్చాం. తాళం తీసి లైటు వేస్తే, దేవుని గదిలో చిన్న బతుకమ్మ ఉంది. గునుగు పూల నుంచి నీళ్లు కారుతున్నాయి.

“నువ్వు పేర్చినవా?” అన్నాను.

“నేనెక్కడ పేర్చిన సారూ! పూలే సరిపోలే.” సుగుణ నన్ను ఎప్పుడూ సారూ అనే పిలుస్తుంది.

సుగుణ కళ్లు మెరిశాయి. ఆటలో కొట్టినట్టు గబగబా చప్పట్లు కొట్టి ఆగింది. ఖాళీ గదిలో మరొకరి చప్పట్లు వినిపించాయి, కాస్త ఆలస్యంగా. సృజన ఆటలో ఎప్పుడూ అట్లాగే వెనకబడేది.

“ఇన్నరా సారూ? గదే, మన మొద్దుదే!” సుగుణ నవ్వుతూ ఏడ్చింది.

“పొద్దుగాల దీన్ని గూడ వాగుల ఇడుద్దాం,” అన్నాను.

“ఒకపాలి ఇడిసినం గద. మల్ల ఎట్ల ఇడుస్తం?”

దీపావళి దాటింది. పూలు వాడలేదు. చిన్న బతుకమ్మను మేమింకా వాగులో వదలలేదు.