వయొలిన్ మాస్టారి నెట్

"ఇవాళ కూడా నెట్ రాలేదమ్మా!" అన్నాడు వయొలిన్ మాస్టారు, కంప్యూటర్ ముందు కూర్చుని, కమాను ఒళ్లో పెట్టుకుని.

ఉద్యోగం నుంచి అప్పుడే వచ్చిన కూతురు చెప్పులైనా విప్పకుండా రౌటర్ దగ్గరికి పరుగెత్తింది. ఈ వారమంతా ఇదే బాగోతం. సరిగ్గా పాఠం వేళకే ఆయన కంప్యూటర్‌కి నెట్ ఉండదు. మోకాళ్లు మొరాయించాక ఆయనకు మిగిలింది ఈ ఆన్‌లైన్ పాఠాలొక్కటే. అవీ పోతే మనిషి ఇక మంచం దిగడని ఆమె భయం.

ఫోన్‌లో రౌటర్ సెట్టింగులు తెరిచింది. వైఫై పాస్‌వర్డ్ మార్చింది. వైఫై వచ్చే ఛానెల్ మార్చింది. రౌటర్ ఆపేసి మళ్లీ వేసింది. కొత్త పాస్‌వర్డ్ కొట్టగానే ఆమె ఫోన్‌కి నెట్ వచ్చింది, టీవీకి వచ్చింది, తమ్ముడి ఫోన్‌కైతే భేషుగ్గా వచ్చింది. తండ్రి కంప్యూటర్ ఒక్కటే బెల్లం కొట్టిన రాయిలా ఉలకలేదు, పలకలేదు.

"వదిలెయ్యమ్మా. అలిసిపోయి వచ్చావు, ముందు ఏదన్నా తిను."

"అక్కడ పిల్లలు వయొలిన్లు పట్టుకుని కూర్చుంటే ఎలా వదిలెయ్యమంటావు నాన్నా? రోజూ ఇలాగైతే వాళ్లు వేరే మాస్టారిని చూసుకోరూ?"

ఆయన మొహం పాలిపోయింది. కూతురు నాలిక్కరుచుకుంది.

ఆమె పట్టు వదలకుండా సెట్టింగులన్నీ గాలించింది. ఎవరికి నెట్ ఇవ్వకూడదో రౌటర్‌కి చెప్పే చోటొకటి ఉంది. అక్కడ ఒకే ఒక్క పేరు బ్లాకై ఉంది: నాన్న కంప్యూటర్.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈవిడ మాత్రం చిటికెలో పట్టేశాననుకుంది.

"ఒరేయ్, ఇట్రా! నీ ఆటలకి నెట్ చాలట్లేదని నాన్ననే బ్లాక్ చేస్తావా?"

"నేనా?" పక్క గదిలోంచి వచ్చిన తమ్ముడు తెల్లబోయాడు. "నాకేం తెలీదక్కా, ఒట్టు!"

"నీ ఒట్లు తీసి గట్టున పెట్టు! కన్నతండ్రి ఉసురు పోసుకుంటావురా?"

తమ్ముడు తండ్రి వంక చూశాడు. తండ్రేమో కమాను వంక చూశాడు. వాడు కళ్లు తుడుచుకుంటూ, తలుపు ధడేలుమని వేసి వీధిలోకి వెళ్లిపోయాడు.

ఆమె బ్లాక్ తీసేసింది. మరుక్షణం కంప్యూటర్‌కి నెట్ వచ్చింది.

"వచ్చేసింది నాన్నా! మొదలుపెట్టు."

మాస్టారు కదల్లేదు. ఆమే పాఠం తెరిచింది. తెర మీద మాస్టారి మొహం కనిపించింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. వీధిలో దీపాలు వెలిగాయి. తెర మీద ఇంకా ఆయన మొహం ఒక్కటే ఉంది.

"ఒక్కరూ రాలేదేంటి నాన్నా?"

"ముందు తమ్ముణ్ణి పిలువమ్మా, పాపం." మాస్టారు వయొలిన్‌ని పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు. "వాడి పరీక్షలప్పుడు వాడి ఫోన్ బ్లాక్ చెయ్యమని నువ్వు నాకు నేర్పిన విద్యే అది. బ్లాక్ చేసింది నేనే. నెట్ లేదనుకో, పిల్లలు నా కోసం అక్కడ కూర్చునే ఉన్నారనుకోవచ్చు కదమ్మా."