వాక్యూమ్ క్లీనర్ మింగిన మొక్కలు

వాక్యూమ్ క్లీనర్ గొంతులో ఏదో గలగలమంది. హెడ్విగ్ స్విచ్ ఆపి చూసేసరికి కిటికీ గట్టు మీది కుండీలో మొక్క ఒక్కటీ లేదు.

గట్టు మీద రాలిన దుమ్ము పీల్చుదామనే ఆమె ఉద్దేశం. ఆ వారం మెట్లు శుభ్రం చేసే వంతు ఆమెది. గుమ్మానికి ఆ వంతు బోర్డు వేలాడుతున్నన్నాళ్ళూ జర్మనీలోని ఈ ఎస్లింగెన్ ఊళ్ళో ఏ ఇల్లాలి చేతులూ ఒక పట్టాన ఆగవు. మెట్లయ్యాయి, కమ్మీలయ్యాయి, అందరి పోస్టు డబ్బాలూ అయ్యాయి. చేయి ఊరుకోక ఇంట్లోకొచ్చి కిటికీ మీద పడింది.

కుండీ పై వాటా గుడూలది. సరిగ్గా చెప్పాలంటే ఆమె భర్త ఎవాల్డ్‌ది. పెళ్ళిరోజుకు ఆవిడ విత్తనాల పొట్లం కొనిస్తే, ఆయన ఇంట్లోనే విత్తి రెండేళ్ళుగా పెంచుతున్నాడు. రాతిమొక్కలు. అచ్చం గులకరాళ్ళలా కనిపించే, ఆకుల్లో నీళ్ళు దాచుకునే సక్యులెంట్లు. భర్తతో కలిసి మూడు వారాలు నడుము నొప్పి వైద్యానికి వెళుతూ గుడూల స్వయంగా కుండీని కిందికి తెచ్చి ఇచ్చింది. "పైనే ఉండనీ, వాటికేం కావాలి" అని ఆయన మెట్ల మీంచి గొణిగినా వినలేదు.

"నీళ్ళు పోయొద్దు, ముట్టుకోవద్దు. ఈయన రోజూ పొద్దున్నే వాటితో కబుర్లాడతాడు. నాతో చెప్పనివి కూడా చెబుతాడు" అంది.

ఇవాళ శనివారం. రేపు సాయంత్రం వాళ్ళొచ్చేస్తారు.

హెడ్విగ్ ఎదురు వాటా రోస్వితను పిలిచింది. ఇద్దరూ పాత పేపరు పరిచి దుమ్ము సంచి చించారు. జుట్టు, ఒక చొక్కా గుండీ, పన్నెండు గులకలు.

"ఇవేనా?" అంటూ రోస్విత ఒకదాన్ని గోటితో నొక్కింది.

"అయ్యుంటాయి. నొక్కితే మెత్తగా ఉంటాయట."

"ఇది మెత్తనైతే నా పళ్ళూ మెత్తనివే. పోయాయే. ఎండి రాయైపోయాయి."

"ఒక్క నిమిషంలోనా?"

"నీ మిషను సంగతి నీకు తెలీదు. మొన్న మా కర్టెన్ సగం మింగింది."

హెడ్విగ్ కుర్చీలో కూలబడింది. "ముప్ఫై ఏళ్ళుగా ఈ బిల్డింగులో అందరి తాళాలూ నా దగ్గరే పెట్టి వెళుతున్నారు. ఇక పిల్లికి తిండి పెట్టమని కూడా ఎవరూ అడగరు."

"నిజం చెప్పెయ్యరాదూ?"

"ఏమని? మీ ఆయన రెండేళ్ళ కష్టాన్ని దుమ్ముతో పాటు పీల్చేశానని?"

రోస్విత కారు తాళాలు తీసింది. "లే. నర్సరీ రెండింటికి మూసేస్తారు."

నర్సరీ అతను ట్రేల మీద ట్రేలు చూపించాడు. "ఎలాంటివి కావాలి?"

"రెండేళ్ళవి పన్నెండు" అంది హెడ్విగ్. "ఇంట్లో పెంచినట్టుండాలి. మరీ అందంగా ఉన్నవి వద్దు."

అతను ఇద్దరినీ ఎగాదిగా చూసి, అందంగా లేనివి ఏరి ఇచ్చాడు. ఆ సాయంత్రమంతా హెడ్విగ్ కనుబొమలు తీసుకునే పట్టకారుతో ఒక్కోదాన్నీ పట్టి నాటింది.

ఆదివారం సాయంత్రం భార్యాభర్తలు వచ్చారు. గుడూల మొహం వెలిగిపోయింది. ఎవాల్డ్ మాత్రం కుండీ వైపు ఒకసారి చూసి, మళ్ళీ చూసి, జేబులోంచి భూతద్దం తీశాడు. ముక్కు మట్టికి తగిలేంతగా వంగాడు. వేలితో మెల్లిగా నొక్కాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నీళ్ళేమీ పోయలేదు కదా?"

"చుక్క కూడా పోయలేదు."

"ముట్టుకోలేదు?"

"నేనెందుకు ముట్టుకుంటానండీ" అంటూ హెడ్విగ్ చేతులు ఆప్రాన్ కింద దాచుకుంది.

"ఏమైంది, చచ్చిపోయాయా?" అంది గుడూల.

"లేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "బతికే ఉన్నాయి."

"దానికి ఆ మొహమెందుకు?" గుడూల కుండీని గుండెకు హత్తుకుని మెట్లెక్కింది. ఆయన కూడా వెనకే వెళ్ళాడు, ప్రతి మెట్టు మీదా ఆగి వెనక్కి చూస్తూ.

అరగంట తర్వాత, బెల్ ఉండగా, ఎవరో తలుపు మీద మెల్లగా తట్టారు. పట్టుబడిపోయానని హెడ్విగ్‌కు అర్థమైపోయింది. తీసి చూస్తే ఎవాల్డ్ ఒక్కడే. రెండు చేతుల్లో రెండు కుండీలు. ఆయన పైకి చూసి, లోపలికొచ్చి, మడమతో తలుపు మూశాడు.

"ఎవాల్డ్ గారూ, నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తాను" అంది హెడ్విగ్.

"ముందు నన్ను చెప్పనివ్వండి, మెల్లగా మాట్లాడండి, గుడూల వింటుంది. ఆ విత్తనాల్లో ఒక్కటీ మొలవలేదండీ, తన మనసు నొచ్చుకుంటుందని నెకార్ నది ఒడ్డున గులకరాళ్ళేరి గుచ్చాను. ఈ రెండు కుండీల్లోవీ ఆ రాళ్ళే. మీ చేతిలో ఏ మహత్తుందో గానీ, వీటిని కూడా ఓ మూడు వారాలు మీ కిటికీలో ఉంచుతారా?"