ఓడలోని ఎలుగుబంట్లు

"ఈ రోజు పాఠం ఇదే," అంటూ చర్చి పెద్దాయన బల్ల మీద రెండు ఎలుగుబంట్లను పెట్టాడు.

గోధుమరంగు గుడ్డతో కుట్టిన బొమ్మలవి. టీచరమ్మే కుట్టింది. వారమంతా కుట్టుమిషన్ తొక్కి, మిగిలిన ముక్కలతో ఆదివారం పిల్లలకు చెప్పే బైబిలు కథలకు బొమ్మలు చేస్తుంది. జలప్రళయంలో జంతువుల్ని జతలుగా కాపాడిన నోవహు ఓడ కథ కోసం కుట్టిన జత అది. ఇంతకాలం ఎవరి జోలికీ పోకుండా అట్టపెట్టెతో చేసిన ఓడలో పడి ఉన్నాయి.

"వాటినెందుకు బయటికి తీశారు, బాబాయి గారూ?"

"ఎలీషా కథకు."

ఎలీషా కథ చిన్నదే. ఆ ప్రవక్త కొండదారిన పోతుంటే ఊరి పిల్లలు వెంటపడి బోడివాడా అని గేలి చేశారు. ఆయన శపించాడు. అడవిలోంచి రెండు ఎలుగుబంట్లు వచ్చి నలభై ఇద్దరు పిల్లల్ని చీల్చేశాయి. బోధకులు కూడా ఈ పేజీ దగ్గరికి రాగానే గబగబా తిప్పేస్తారు. పెద్దాయన మాత్రం అక్కడే వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

ఆయన బాధ ఆయనది. పోయిన ఆదివారం ఈ గదిలోనే, ప్రార్థన మధ్యలో, ఒక బోడిగుండును చూసి పిల్లలు పగలబడి నవ్వారు. మొదట నవ్వింది పెద్దాయన మనవరాలు. అందరూ దాన్ని పిడుగు అంటారు. వారం రోజులుగా పెద్దాయనకు ముద్ద దిగడం లేదు. ఆ నవ్వు టీచరమ్మ చెవుల్లోనూ ఇంకా మోగుతూనే ఉంది.

"కూర్చోమ్మా," అన్నాడు పెద్దాయన కుర్చీ జరిపి.

"నిలబడే మాట్లాడతాను." చర్చిలో ఆడవాళ్లందరిలాగే తల మీద కప్పుకున్న ముసుగును ఆమె బిగించుకుంది.

"ముందు ఈ పాఠం చెప్పు. తర్వాత ఒక్కొక్కరూ లేచి తప్పయిందని ఒప్పుకోవాలి. పిడుగు ఇక ఈ క్లాసుకు రాదు. నా మనవరాలైనంత మాత్రాన వదిలేది లేదు."

"తప్పంతా గాలిది. కిటికీలు తెరిపించింది మీరే. పిల్లల మీద పడతారేం?"

"దేవుడి మాట చెప్పే మనుషుల్ని చూసి నవ్వొచ్చా? పెద్దంతరం చిన్నంతరం ఉండక్కర్లేదా?"

"బోడిగుండు బోడిగుండే, బాబాయి గారూ. దాన్ని చూస్తే నాకే నవ్వొస్తుంది."

పెద్దాయన ముఖం మాడిపోయింది. నున్నటి తలను ఒకసారి తడుముకుని, ఒళ్లో ఉన్న టోపీ వైపు చూశాడు.

"అలా అనకమ్మా. అది నవ్వే విషయం కాదు."

ఆయన గొంతులో తడి ఉంది. ఆ తడి వింటే టీచరమ్మకు ఒళ్లు మండింది.

"నవ్వే విషయం కాకపోతే చంపే విషయమా?"

"మరి దేవుడు ఎలుగుబంట్లను ఎందుకు పంపినట్టు?"

"పంపాడని ఎక్కడుంది? ఈయన శపించాడని ఉంది, అవి వచ్చాయని ఉంది. ఎలీషా అప్పుడే గురువును పోగొట్టుకున్నాడు. మనసు పచ్చిపుండులా ఉంది. నోరు జారాడు. ఆ తర్వాత ఎక్కడికెళ్లాడో చదవండి."

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "కర్మెలు కొండకు."

"ఇంకాస్త ముందుకు తిప్పండి. బిడ్డ చచ్చిపోయిన ఒక తల్లి ఆయన్ను వెతుక్కుంటూ ఎక్కడికొచ్చింది?"

పేజీలు తిరిగాయి. వేలు ఒకచోట ఆగింది. "కర్మెలు కొండకే."

"వెళ్లి ఏం చేశాడు? ఆ బిడ్డ మీద బోర్లా పడుకున్నాడు. నోటికి నోరు, కంటికి కన్ను, చేతికి చెయ్యి ఆనించి ఒళ్లు వెచ్చబడేలా చేశాడు. బతికేదాకా వదల్లేదు. నలభై ఇద్దర్ని పోగొట్టిన మనిషి ఒక్క బిడ్డను వదులుకోలేకపోయాడు. చెబితే రెండు కథలూ కలిపే చెబుతాను. లేదంటే అసలు చెప్పను."

"పాస్టరు గారు ఎప్పుడూ ఇలా చెప్పలేదే."

"ఆయన్ను చూసి ఎవరూ నవ్వలేదుగా."

పెద్దాయనకు బజారులో తాళాల కొట్టు ఉంది. చర్చి తాళాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. పిల్లల గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇన్నాళ్లకు మళ్లీ వచ్చావు. నీకు ఎదురు చెప్పడానికి నాకూ మనసొప్పదు. కానీ క్షమాపణ చెప్పకపోతే మాత్రం ఈ గదికి తాళమే."

టీచరమ్మకు ఉన్నదల్లా ఆ గదే. అందులోని పిల్లల కోసమే మళ్లీ మంచం దిగి వచ్చింది. అయినా తగ్గలేదు.

"వచ్చేవారం వేసుకోండి తాళం. ఈ వారం మాత్రం పిల్లలకు భయం చెప్పను. దేవుడితో నాకు వేరే గొడవలున్నాయి. అవి మేమూ మేమూ చూసుకుంటాం, మధ్యలోకి పిల్లల్ని లాగకండి."

ఆయన తేరుకునేలోగా తాళంచెవీ, ఎలుగుబంట్లూ పట్టుకుని వెళ్లి తలుపు తెరిచింది. వరండాలో ఉన్న పిల్లలు చప్పుడు చేయకుండా వచ్చి కూర్చున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. ఇంట్లో తాతయ్య ఎలుగుబంట్ల సంగతి చెప్పేసినట్టున్నాడు, పిడుగు బిక్కచచ్చిపోయి బెంచీ చివర నక్కింది.

"టీచర్, ఎలుగుబంట్లు వచ్చేశాయా?"

"వచ్చాయి. ఇదిగో, ఓడలో పడుకోబెడుతున్నా."

"నేనింకెప్పుడూ నవ్వను టీచర్. తాతయ్య ఒట్టు వేయించుకున్నాడు."

పెద్దాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు," అంటూ టీచరమ్మ, ఆసుపత్రి మందులు ఒక్క వెంట్రుకైనా మిగల్చని తన తల మీంచి ముసుగు లాగేసి, పిడుగు ముందుకు వంగి, "పోయిన వారం సగంలోనే ఆపేశావు, ఇప్పుడు పూర్తిగా నవ్వు" అంది.