అయిదో ఓటు

"ఆ కంపెనీయేనా?" అంది అక్క, చేతిలో మందుల పెట్టె అలాగే పట్టుకుని.

"ఆ కంపెనీయే. ఏం, దానికేమైనా కొమ్ములున్నాయా?" తమ్ముడు నవ్వాడు. మెళ్ళో కొత్త ఐడీ కార్డు. ఆఫీసు అయిపోయినా తీయలేదు.

ఏడాదిగా వాడికి ఉద్యోగం లేదు. మరదలి కుట్టుమిషనే ఇల్లు గడుపుతోంది. అలాంటివాణ్ణి ఇంటికి కబురంపి మరీ పనిలో పెట్టుకున్నారు. అక్క సంతోషించాల్సిందే. సంతోషించింది కూడా. కానీ ఆ కంపెనీ ఊళ్ళో ఎనిమిదంతస్తుల భవనానికి అనుమతి అడుగుతోంది. ఆ అనుమతి ఇవ్వాల్సిన ప్లానింగ్ బోర్డులో సభ్యులు అయిదుగురు. మందుల షాపు నడుపుకునే అక్క వాళ్ళలో ఒకతె.

"అడక్కుండానే ఇచ్చారా?"

"ఎప్పుడో పెట్టుకున్న దరఖాస్తట. ఒకటో తారీఖున చేరతానంటే కుదరదు, రేపే రమ్మన్నారు."

"నా సంగతి ఎవరైనా ఎత్తారా? మీ అక్కతో ఓ మాట చెప్పమనీ, అదనీ ఇదనీ?"

"నీ మీదొట్టు, ఎవరూ ఎత్తలేదు. బిల్డరు ఎదురుపడితే బాగున్నావా అన్నాడు, అంతే."

"ఇంతకీ నీ పనేమిటి?"

"ప్రస్తుతానికి ఓ కుర్చీ, ఓ ఫ్యాను. మిగతాది తర్వాత చెప్తారట."

పక్కనే ఉన్న మరదలు ఊరుకోలేకపోయింది. "ఇంత అనుమానమైతే ఎలా వదినా? మాకు మంచి జరక్కూడదా?"

అక్కకి సిగ్గేసింది. "జరగాలనే కదమ్మా నా ఏడుపంతా" అంది.

గొడవంతా పిల్లల ఆసుపత్రికి వెళ్ళే సందు గురించి. భవనం కట్టేది సరిగ్గా ఆ సందు మొదట్లో. రూలు ప్రకారం గోడకీ సందుకీ మధ్య కొంత జాగా వదలాలి. బిల్డరు మాత్రం అంచు దాకా కట్టుకోనివ్వమంటున్నాడు. అక్క ఓ మధ్యాహ్నం వెళ్ళి అక్కడే నిలబడి చూసింది. అంబులెన్సు ఆ ఖాళీ స్థలంలోకి ముక్కు పెట్టి, వెనక్కి జరిగి, అప్పుడుగానీ సందులోకి తిరగలేదు.

"గోడ లేస్తే ఏం చేస్తావయ్యా?" అని డ్రైవర్ని అడిగింది.

"ఏముందమ్మా, బండి రోడ్డు మీద వదిలేసి, బిడ్డని చేతుల మీద వేసుకుని పరిగెత్తడమే."

ఆ మాట ఆమెని నిద్రపోనివ్వలేదు. కిందటి సమావేశంలో మొహమాటం లేకుండా చెప్పేసింది, తన ఓటు 'వద్దు'కేనని. ఇంకో ఇద్దరు ఆమె పక్షం. రిటైర్డ్ ఇంజనీరైన అధ్యక్షుడూ, వకీలూ మాత్రం భవనం వస్తే ఊరు బాగుపడుతుందంటారు. తీరా ఓట్ల దాకా వచ్చేసరికి బిల్డరు లేచి, ప్లానులో చిన్న సవరణలున్నాయి, నెల గడువిమ్మన్నాడు. ఇచ్చారు.

ఆ నెలలోనే తమ్ముడికి ఉద్యోగం వచ్చింది.

"వాడి సంగతి బోర్డులో చెప్పకు" అన్నాడు భర్త, షాపు షట్టరు దించుతూ. "నువ్వు ఓటేసేది కంపెనీకి వ్యతిరేకంగా. తమ్ముడికి మేలు చేశావని ఎవడంటాడు?"

"రూలు అవన్నీ చూడదండీ. దరఖాస్తుదారు దగ్గర మనవాళ్ళుంటే లేచి బయటికెళ్ళాలి. దాచిపెట్టి ఓటేశాననుకోండి, రేపు కోర్టుకెళ్ళి మొత్తం నిర్ణయమే కొట్టించేస్తారు. అప్పుడు సందూ పోతుంది, నా పరువూ పోతుంది."

"అయితే వాణ్ణి మానెయ్యమను."

"ఏడాది తర్వాత వాడి మొహంలో నవ్వు చూశాను. ఏ నోటితో అనమంటారు?"

"మరి నువ్వు లేకపోతే సందు గతేమిటి?"

"మిగతావాళ్ళకి కళ్ళు లేవా? వకీలు మెత్తబడుతున్నాడులెండి" అంది. ఆయనకి చెప్పినట్టు లేదు, తనకి తాను సర్దిచెప్పుకున్నట్టుంది.

సమావేశం రోజు ఎనిమిదంతస్తుల వంతు రాగానే ఆమె లేచి నిలబడింది.

"మా తమ్ముడు ఈ కంపెనీలో పనిచేస్తున్నాడు. నేను దీంట్లో కూర్చోకూడదు."

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి, "ఈ రోజుల్లో ఇంత నిజాయితీ చూడలేమమ్మా" అన్నాడు. బిల్డరైతే ఏకంగా లేచి నిలబడ్డాడు. "ఇలాంటి సభ్యులుండటం మా అదృష్టం" అన్నాడు. వెనక కూర్చున్న జనం చప్పట్లు కొట్టారు. ఆమె తల దించుకుని బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. వెనక తలుపు మూశారు.

వకీలు మెత్తబడలేదు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. సమానమైతే అధ్యక్షుడు ఇంకో ఓటు వేయొచ్చు. వేశాడు. సందు అంచు దాకా గోడ కట్టుకోవచ్చునన్నారు.

సాయంత్రం ఆమె తమ్ముడింటికి వెళ్ళింది. వాడు మొహం చిన్నబుచ్చుకుని గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"నా వల్లే కదక్కా?"

"ఛ, నువ్వేం చేశావురా! నాకు బాధగానే ఉంది, లేదనను. ఆ డ్రైవరు మొహం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "కానీ ఒకటి చెప్పనా? ఆ బిల్డరు నన్ను కొనడానికే నీకు ఉద్యోగమిచ్చాడనుకున్నాను. ఒక్క మాటైనా అడిగాడా? లేదు. పాపం, ఊరికే ఆడిపోసుకున్నాను."

"నేను ముందే చెప్పాను కదా వదినా" అంది మరదలు, మంచినీళ్ళు అందిస్తూ.

"చెప్పావు తల్లీ. పోనీలే, వీడి కడుపు చల్లగా ఉంది. నాకదే చాలు."

మర్నాడు తమ్ముణ్ణి పనిలోంచి తీసేశారు.